నీళ్ళు మూడు రకాలండీ

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో ఉప్పొంగిన గోదావరి ఉంది. మునిగిన ఊళ్ళున్నాయి. ఆ నీటికి ఎదురు నిలిచి, చేతిలో ఓ జిప్పు సంచీ తప్ప ఏ ఆయుధమూ లేకుండా, ఒక ఇంటిని కాపాడిన మహానుభావుడున్నారు.

కాపాడలేదు. సంచీ మాత్రం నిజం. గోదావరి కూడా నిజమే గానీ ఆయన దాని దరిదాపులకి పోలేదు. నీళ్ళు పూర్తిగా లాగేశాయని నలుగురినీ అడిగి రూఢి చేసుకున్నాక వచ్చారు. కాబట్టి గాథ లేదు. ఇంటి బీమా గురించి నాలుగు ముక్కలూ, దాన్ని అమ్మిన పెద్దమనిషి గురించి మరికొన్ని ముక్కలూ ఉన్నాయి. ఓపికుంటే చదవండి.

మొన్న రాజోలు సెంటర్లో బస్సు కోసం నిలబడితే ఎదురుగా ఫ్లెక్సీ. ఆయన ఫొటో, చుట్టూ పూలదండ బొమ్మ, కింద ‘మరువలేని మహామనీషి’ అని. పోయారన్నమాట. గుండె అట. ఆయనకి అదొకటుందని ఏ బీమా కంపెనీ కూడా ఊహించి ఉండదు. ఫొటోలో తెల్లచొక్కా వేసుకుని, చెయ్యెత్తి, ప్రజలకి దారి చూపిస్తున్నట్టున్నారు. ఆ ఫొటో తీసింది నేనే. ఆ చెయ్యి చూపిస్తున్నది దారి కాదు, మా అత్తయ్య ఇంటి గోడ. గోడని కోసేశారు. ఆ కథ తరవాత చెప్తాను.

పేరు రాయను. ఫ్లెక్సీ మీద మూరెడేసి అక్షరాలతో ఉంది, ఇంకా ఎంత ప్రచారం కావాలి?

ఆయనకంటే ముందు ఆయన దగ్గు వచ్చేది. గేటు దగ్గర ఓసారి, గుమ్మం దగ్గర ఓసారి. రెండో దగ్గుకి మా అత్తయ్య పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టేసేది. పెట్టకపోతే మూడో దగ్గు వచ్చేది. జేబులో మూడు పెన్నులు గుచ్చుకుని తిరిగేవారు. సంతకం వేళకి మాత్రం, “ఏదీ, ఓ పెన్ను పట్రా అబ్బాయ్,” అనేవారు. ఆ మూడూ దేనికో ఇప్పటికీ తెలీదు. బహుశా అలంకారానికి, ఆయన తలకాయ లాగే.

ఇంకో అలవాటు. ఎవరింటికి వెళ్ళినా ముందు వేళ్ళు మడిచి గోడ మీద కొట్టేవారు, డాక్టరు గారు రోగి వీపు మీద కొట్టినట్టు. తరవాత చెవి ఆనించి వినేవారు. “ఊఁ,” అనేవారు. గోడ ఏం చెప్పిందో ఎవరికీ తెలిసేది కాదు. గోడకీ తెలిసేది కాదు. కానీ ఇంటివాళ్ళు మాత్రం ఊపిరి బిగబట్టి, “ఎలా ఉందండీ?” అని అడిగేవారు. “ఏముందండీ. ఇప్పటికైతే నిలబడుంది,” అనేవారు ఆయన. అంతే, ఆ ఇల్లు ఆయన సంచీలో పడిపోయేది.

మా అత్తయ్య ఇల్లు కూడా అలాగే పడింది. అత్తయ్య బళ్ళో టీచరు. ఆవిడ ఊరు రాజోలుకి అవతల, ఏటిగట్టుకి లోపలి వైపు, అంటే గోదావరి వైపు. గట్టు లోపల ఇల్లు కట్టడమంటే ఏనుగు పక్కన పక్కేసుకోవడమే. ఏనుగు మంచిదే, అటు తిరిగి పడుకున్నన్నాళ్ళూ. జీతంలోంచి కూడబెట్టి, లోను పెట్టి, గది తరవాత గది కట్టుకున్న ఇల్లది. లోను తీరిన నెల్లోనే ఆయన దగ్గు వినిపించింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. అమలాపురంలో బైకుల షోరూములో పని నాది. సెలవు దొరికితే అత్తయ్య వండే కొరమీను పులుసు కోసం అక్కడ తేలుతూ ఉంటాను.

ఆయన గోడ కొట్టి, విని, కూర్చుని, కాఫీ గ్లాసు అందుకుని మొదలెట్టారు.

“నీళ్ళు మూడు రకాలండీ టీచరు గారూ. పక్క నుంచి వచ్చేవి, పై నుంచి వచ్చేవి, కింద నుంచి వచ్చేవి. పక్క నీళ్ళు కంపెనీవి. పై నీళ్ళు మీవి. కింద నీళ్ళు మీ ఖర్మవి.”

“అంటే ఏంటండీ?” అంది అత్తయ్య.

“గోదారి మీ గుమ్మంలోంచి లోపలికొచ్చిందనుకోండి, అది పక్క నీళ్ళు. కంపెనీ ఇచ్చుకోవాల్సిందే. డాబా నెర్రిచ్చి ఏళ్ళ తరబడి కారిందనుకోండి, అది మీరు బాగు చేయించుకోలేదన్నమాట. ఇవ్వరు. పునాదిలోంచి చెమ్మ పాకి సున్నం రాలిందనుకోండి, అది ఇంటికి ముసలితనం. ముసలితనానికి ఎవరిస్తారండీ డబ్బులు?”

ఆయన నోటి నుంచి నేను విన్న ఒకే ఒక్క నిజం ఇది. ఇంచుమించు ఇలాగే ఉంటుంది బీమా. అందుకే ఆయన దీన్ని చచ్చేదాకా చెప్తూనే ఉన్నారు, పెళ్ళిళ్ళలోనూ, పడవ రేవులోనూ, అప్పనపల్లిలో ఎక్కడానికి కొండ లేదు గాబట్టి గుడి బయట చెప్పుల దగ్గరా.

“మరి డాబా మీద నీళ్ళ టాంకీ పగిలి ఇల్లంతా తడిస్తేనండీ? అవి పై నీళ్ళే కదా?” అన్నాను.

ఆయన నన్ను గోడని చూసినట్టు చూశారు.

“టాంకీ పగలదబ్బాయ్.”

“పగిలితేనండీ?”

“పగలదని చెప్పేను కదా. టీచరు గారూ, మేనల్లుడా అండీ? ఊఁ.”

పగిలితే ఇస్తారు. ఉన్నట్టుండి పగిలిన టాంకీ, పైపూ మామూలుగా ఇంటి బీమాలో ఉంటాయి. ఏళ్ళ తరబడి కారినవే ఉండవు. ఈ ముక్క ఆయనకి తెలీదు. తనకి తెలియనిది లోకంలో జరగదని ఆయన సిద్ధాంతం. అత్తయ్య సంతకం పెట్టింది. ఇంటికీ, లోపలి సామానుకీ కలిపి తీసుకుంది. పెన్ను నాది. తిరిగి ఇవ్వలేదు; నాలుగో పెన్నుగా జేబులో చేరింది.

తరవాతి శ్రావణంలో ఏనుగు ఇటు తిరిగింది.

వరద సంగతి నేను వర్ణించను. టీవీ వాళ్ళు పడవలో నిలబడి వర్ణించారు, మీరు చూసే ఉంటారు. అత్తయ్యా మావయ్యా గట్టు మీద బడికి చేరారు. అది అత్తయ్య పాఠం చెప్పే బడే. తను రోజూ పిల్లల్ని నిలబెట్టే మూలలోనే పడుకుంది. ఇంట్లో నీళ్ళు కిటికీ కింది అంచు దాకా వచ్చి, వారం పాటు ఉండి, వెళ్ళాయి. ఆ వారమూ ఆయన అమలాపురంలో అల్లుడింట్లో డాబా మీద ఉండి ఫోన్లో ధైర్యం చెప్పారు. “మీరు నిశ్చింతగా ఉండండి. నేనున్నాను కదండీ,” అని. ఉన్నారు నిజమే. అమలాపురంలో.

ఇక్కడ మా వైపు పద్ధతొకటి చెప్పాలి. వరద నీళ్ళు లాగుతున్నప్పుడే చీపుళ్ళు పట్టుకుని ఇంట్లోకి దిగుతాం. అడుగున పేరుకున్న ఒండ్రుని ఆ నీళ్ళలోనే కలిపి, ఆ నీళ్ళతోనే బయటికి సాగనంపుతాం. ఆరనిచ్చామా, సిమెంటే; తరవాత గునపాలు కావాలి. కాబట్టి నేల కడగడం తప్పు కాదు. అత్తయ్య కూడా నేల వరకే కడిగింది. గోడల జోలికి పోలేదు. తడిసిన పరుపులూ, ఉబ్బిన తలుపులూ, ఆగిపోయిన ఫ్రిజ్జూ ఎక్కడివక్కడే ఉంచింది. “చూసేవాళ్ళు వచ్చి చూడాలి కదరా,” అంది సెలవు పెట్టి వెళ్ళిన నాతో. పడమటింటి గోడ అడుగు నుంచి బీట తీసి ఉంది. ఈ గోడ కార్తీకంలో తుఫాన్ల దాకా ఆగదనీ, పడితే పైకప్పుని తోడు తీసుకుని పడుతుందనీ మేస్త్రీ చెప్పి వెళ్ళాడు. మళ్ళీ లోను పెట్టే ఓపిక అత్తయ్యకి లేదు. ఆవిడ ఆశంతా బీమా మీదే.

అప్పుడు వినిపించింది దగ్గు.

ఆయన గుమ్మంలో నిలబడి ఇల్లంతా కలయజూశారు. మొహం మాడిపోయింది. నష్టానికి బాధపడుతున్నారని నేను పొరపాటు పడ్డాను.

“ఏంటండీ ఇది టీచరు గారూ?”

“వరదండీ,” అంది అత్తయ్య.

“అది కాదండీ. రేపు నష్టం లెక్క కట్టడానికి కంపెనీ తరఫున సర్వేయరు గారు వస్తున్నారు. కాకినాడ నుంచి, కారులో వస్తారు. పెద్దాఫీసరండీ. ఆయన్ని తీసుకొచ్చి ఈ బురద గోడల మధ్య కూర్చోబెడతారా?”

“ఆయన చూడ్డానికొచ్చేది ఈ బురదే కదండీ?”

“చూడ్డానికొచ్చేరు కదా అని మురికి చూపించేస్తామాండీ? మనింటి మర్యాదేంటి? కోనసీమ వాళ్ళు గడపలోకొచ్చిన మనిషిని కంపులో నిలబెట్టేరని రేపు కాకినాడంతా చెప్పుకోరూ?”

వేరే ఏ ఊళ్ళో అయినా ఈ మాటకి నవ్వి ఊరుకునేవాళ్ళు. మా వైపు మర్యాద అన్న మాట పడ్డాక ఇంక పైకోర్టుల్లేవు. మేం అప్పిచ్చినవాడికి కూడా గారెలు పెట్టి, ఆ తరవాతే అప్పు లేదని చెప్పే రకం. అత్తయ్య మావయ్య వైపు చూసింది. మావయ్య ఉమ్మడిగా అందరి తరఫునా నేల వైపు చూశాడు.

“ముందు ఫొటోలు తీద్దామండీ,” అన్నాను నేను.

“తియ్యబ్బాయ్. సాక్ష్యం ఉండాల్సిందే,” అని ఆయన తన ఫోను నా చేతికిచ్చారు. వరదప్పట్నుంచీ ఊళ్ళో కరెంటు లేక మా ఫోన్లన్నీ చచ్చి ఉన్నాయి. నేను గోడకి గురిపెట్టేసరికి ఆయన వెళ్ళి గోడ ముందు నిలబడ్డారు. పెన్నులు సర్దుకున్నారు. చెయ్యెత్తి నీటి చార చూపించారు. వేలు తగిలిన చోటు తప్ప చారంతా ఆయన వెనకే ఉంది.

“కొంచెం పక్కకి జరుగుతారాండీ? గోడ కనపట్టం లేదు.”

“నేను లేపోతే అది ఎవరింటి గోడో ఎలా తెలుస్తాదబ్బాయ్? నువ్వు తియ్యి.”

తీశాను. పడమటింట్లో ఆయన. వంటింట్లో ఆయన. పరుపుల పక్కన ఆయన, పరుపుని పరామర్శిస్తున్నట్టు. గోడనొక్కదాన్నే తీద్దామని నేనింకోసారి ఫోను ఎత్తితే, “చాల్చాలు, మెమరీ నిండిపోద్ది,” అని లాక్కున్నారు.

ఆ తరవాత ఆయన అధ్యక్షతన మర్యాద మొదలైంది. తడిసిన పరుపులు ఇంట్లో ఉంటే దరిద్రమన్నారు. మోసుకెళ్ళి ఏట్లో వేశాం. గోదావరి వాటిని చక్కగా తీసుకెళ్ళింది, కాకినాడ ఆఫీసరు కంటే ముందొచ్చిన అతిథి కదా. ఫ్రిజ్జుని తోమించారు. గోడలు కడిగించి, తడి ఆరకుండానే సున్నం కొట్టించారు. మావయ్య నిచ్చెనెక్కాడు, నేను బకెట్టు పట్టుకున్నాను, ఆయన కుర్చీలో కూర్చుని, “అదిగో, ఆ మూల మిగిలిపోయింది చూడండి,” అంటూ గోదావరి ఆనవాళ్ళని ఒక్కొక్కటే పట్టిచ్చారు. పొద్దు వాలేసరికి ఇల్లు పెళ్ళివారి విడిదిలా ఉంది. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసుకుని, “ఏవిట్రా, ఇన్నాళ్ళలో ఎప్పుడూ ఇంత బాగా లేదు ఇల్లు,” అంది. ఆ గొంతులో సంతోషం లేదు.

మర్నాడు సర్వేయరు వచ్చాడు. కారులో కాదు. బైకు మీద, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, ప్లాస్టిక్ చెప్పులేసుకుని వచ్చాడు. నా కంటే ఓ నాలుగేళ్ళు పెద్దవాడేమో. బురదలో దిగడానికి సకల ఏర్పాట్లతో వచ్చిన మనిషి తెల్లటి ఇంటి ముందు ఆగి, పక్కింటి వైపు ఓసారి చూసి, “వరదొచ్చింది ఈ ఇంటికేనాండీ?” అన్నాడు.

“ఆయ్ అండీ,” అన్నారు మా పెద్దమనిషి. ఆఫీసరు కనబడగానే ఆయన ఎత్తు ఓ జానెడు తగ్గేది. భుజాలు లోపలికి ముడుచుకునేవి. జనం ముందు ‘ఊఁ’ అనే మనిషి ‘ఆయ్’లోకి దిగిపోయేవారు.

“నీళ్ళు ఎక్కడి దాకా వచ్చేయండీ?”

“కిటికీ దాకా అండీ.”

“గుర్తేదండీ?”

“కడిగించేసేనండీ,” అన్నారు, మెడల్ కోసం మెడ వంచినట్టు తల వంచి.

“పరుపులు పోయేయని రాసేరు. అవేవండీ?”

“మీరొస్తున్నారని పారేయించేసేనండీ.”

“ఫ్రిజ్జు?”

“చూడండి సార్, ఎలా మెరుస్తోందో!”

సర్వేయరు గదులన్నీ ఓసారి తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. అత్తయ్య పళ్ళెంలో పూతరేకులూ కాఫీ పెట్టింది. అతను పూతరేకు వైపు జాలిగా చూశాడు. “ఫొటోలైనా ఉన్నాయాండీ?” అన్నాడు. పెద్దమనిషి ఫోను తీసి సగర్వంగా అందించారు. సర్వేయరు ఒక్కొక్కటీ జరిపాడు. మళ్ళీ మొదటికొచ్చాడు.

“ఇందులో డ్యామేజీ ఈయనకేనాండీ?” అని నన్నడిగాడు.

“పుట్టుకతోనే అండీ,” అన్నాను, మెల్లిగానే.

అతను నవ్వలేదు. ఫోను తిరిగి ఇచ్చేసి, “చూడండమ్మా, నేను చూసింది రాయాలి. నేను చూసింది తెల్లగోడ. ఆ బీట ఉంది చూశారూ, సున్నం కొట్టేక అది పాతదో కొత్తదో ఎవరు చెప్తారు? పునాది చెమ్మకి పగిలిందంటారు పైవాళ్ళు. ఇవ్వరు,” అన్నాడు.

కింద నీళ్ళు. ఖర్మవి. పెద్దమనిషి మాత్రం తన పాఠం ఇంకొకరి నోట వింటున్నంత తృప్తిగా తలాడించారు. అత్తయ్య పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడ గోడని చూడ్డం లేదు. గోడ పడితే మీద పడే కప్పుని చూస్తోంది.

“అండీ,” అంది. “ఆ బీరువా వెనక సున్నం వెయ్యలేదండీ. బరువని కదపలేదు.”

పడమటింట్లో, బీట తీసిన గోడకే ఆనించి ఉంది ఇనప బీరువా. సర్వేయరు లేచాడు. పెద్దమనిషి అంతకంటే ముందు లేచి, పరుగున వెళ్ళి బీరువాకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు.

“అబ్బెబ్బే, అక్కడ కూడా శుభ్రంగానే ఉందండీ! నా మాట నమ్మండి సార్. ఎక్కడా మచ్చ లేదండీ!”

“ఉందండీ,” అంది అత్తయ్య.

“లేదు సార్! టీచరు గారికి తెలీదు. నేను దగ్గరుండి చేయించేను. ఈ ఇంట్లో ఎక్కడ చూసినా...”

“మీరు పక్కకి జరగండి.”

ఆ గొంతు నాకు తెలుసు. ఐదో క్లాసులో ఆవిడ దగ్గర చదువుకున్నాను. అందులో కోపం ఉండదు, అరుపు ఉండదు, ‘అండీ’ కూడా ఉంటుంది. ఆ గొంతు విన్నాక ఉన్నచోట నిలబడ్డవాడు మా బళ్ళో లేడు. ఆయన చేతులు దించేసి పక్కకి జరిగారు. గోడని పట్టుకుని జరిగారు. అరచేతికి సున్నం అంటింది.

మావయ్యా నేనూ బీరువా లాగాం. వెనక గోదావరి ఉంది. ఎర్రటి మట్టి చార గీత గీసినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా. మూలలో ఇంకా తడారని ఒండ్రు. ఆ ఒండ్రులోంచి పైకి పాకిన బీట, దాని పెదాల మధ్య వరద తెచ్చిన నాచూ నలకలూ. సర్వేయరు వంగాడు. వచ్చాక మొదటిసారి అతని మొహంలో ప్రాణం కనిపించింది. టేపు తీసి కొలిచాడు. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. గోడనే.

వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. ఏడుపొక్కటే తక్కువ.

“క్షమించండి సార్. మావాళ్ళు కొంచెం బద్ధకస్తులు. సాయంత్రానికల్లా ఇది కూడా కడిగించేస్తాను.”

“బాబ్బాబు, ముట్టుకోకండి,” అన్నాడు సర్వేయరు. వెళ్ళబోతూ పూతరేకు తిన్నాడు.

గోడకి వచ్చింది. తలుపులకీ వచ్చింది, ఉబ్బిన తలుపుల్ని మర్యాద కూడా మామూలు చెయ్యలేకపోయింది కాబట్టి. పరుపులకి రాలేదు, అవి అప్పటికి సముద్రంలో ఉండుంటాయి. ఫ్రిజ్జు మెరుపు చూసి దానికీ ఇవ్వలేదు. తుఫాన్లకి ముందే అత్తయ్య గోడ కట్టించింది. కప్పు పైనే ఉంది.

మంచి మనిషైతే ఆ తరవాత కొన్నాళ్ళు మొహం చాటేసేవాడు. ఈయన కొత్త గోడ మీద వేళ్ళతో కొట్టడానికి వచ్చారు. చెవి ఆనించి విని, “ఊఁ,” అన్నారు. కాఫీ తాగారు. ఆ పైన పలివెల నుంచి కపిలేశ్వరపురం దాకా చెప్పుకున్నారు, “టీచరు గారింట్లో బీరువా వెనక నేనే కావాలని వదిలించేనండీ. అక్కడ ఉందండీ కిటుకు,” అని. జనం నమ్మారు. ఇప్పుడు గట్టు లోపల చాలా ఇళ్ళల్లో సంక్రాంతికి సున్నాలేసినా బీరువా వెనక వెయ్యరు. ఎందుకని అడిగితే, “బీమాకి అలాగే ఉంచాలటండీ,” అంటారు. ఒక మనిషి లోకానికి ఇచ్చి వెళ్ళిన విజ్ఞానం ఇది.

పెద్దకర్మకి అత్తయ్యతో నేనూ వెళ్ళాను. భోజనాలు బాగున్నాయి. ఒకాయన మైకులో ఆయన దూరదృష్టి గురించి మాట్లాడారు. దగ్గరి గోడే కనపడని మనిషికి అది ఉండే ఉంటుంది.

“ఊరికే అనకురా,” అంది అత్తయ్య తిరిగొస్తుంటే. “ఆయన వచ్చి కూర్చోపోతే నేను బీమా చేయించేదాన్నా? గోడ పోయేదే కదా.”

ఇది నిజమే. గొడుగు ఇచ్చింది ఆయనే. వాన రాగానే మడిచి చంకలో పెట్టుకోమన్నది కూడా ఆయనే. మొదటిదానికి దండం పెట్టమంటే పెడతాను.

కానీ అక్కడికొచ్చిన వాళ్ళ దిగులు ఆయన కోసం కాదు. చేతులు కడుక్కునే చోట ఒకాయన మా అత్తయ్యని ఆపి గొంతు తగ్గించి అడిగారు: “టీచరు గారూ, మళ్ళీ శ్రావణం వచ్చేస్తోంది. ఈయన పోయేరు. నీళ్ళొస్తే ఇప్పుడు మనం ఎవరికి చెప్పుకోవాలంటారు? ఆయన లేకుండా కంపెనీ మనల్ని గుర్తుపడతాదంటారా?” చుట్టూ ఉన్నవాళ్ళంతా చేతులు తుడుచుకోవడం ఆపేశారు. అత్తయ్య మొహంలోనూ అదే భయం. గోడ కట్టించుకుంది గానీ ఇల్లింకా గట్టు లోపలే ఉంది మరి.

నేను ఫోన్లో వెతికి కంపెనీకి కాల్ చేశాను.

వరద నష్టం గురించి ఏజెంటుకి చెప్పక్కర్లేదట. పాలసీ నెంబరు చెప్పి ఎవరైనా చెయ్యొచ్చు. ఆదివారం కూడా ఎత్తుతారు. తెలుగు కావాలంటే నాలుగు నొక్కాలి.